కార్డు లేదన్న జ్వరం

సూపరింటెండెంట్ గారికి,

రక్తపు చుక్క వేసి చూసే కార్డు పరీక్షలో మలేరియా లేదని తేలిన పదకొండు మంది రక్తంలో నేను మైక్రోస్కోపు కింద క్రిములను చూశాను. రెండు పరీక్షలనూ పోల్చిన నివేదికలో మీరు దాన్ని "టెక్నీషియన్ పొరపాటు" అని కొట్టేశారు. అడిగితే, "నీ కళ్లకు వయసైపోయిందమ్మా" అని అందరి ముందూ నవ్వారు.

ఆ పదకొండు మందిలో మన ఆసుపత్రి బట్టలుతికే ఆవిడ ఒకరు. మందివ్వకుండా ఇంటికి పంపేశారు. ఈ ఉదయం ఆమెను ఫిట్స్‌తో మోసుకొచ్చారు. కార్డు మళ్లీ లేదనే చెప్పింది. డ్యూటీ డాక్టరు నేను తీసిన రక్తపు స్లైడు చూసి వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టారు కాబట్టి ప్రాణం నిలిచింది.

"మా అమ్మకు మలేరియా అని మీకు ముందే తెలుసా?" అని ఆమె కూతురు నన్ను అడిగింది. తల దించుకుని తెలుసన్నాను.

మిగతా పదిమంది చిరునామాలు రాసుకున్నాను. మీ అనుమతి కోసం ఆగను. ఒక్కొక్కరినీ తీసుకొచ్చి మీ గది ముందే కూర్చోబెడతాను. మలేరియా లేదని వాళ్ల మొహం మీద మీరే చెప్పండి.

మీ ల్యాబ్ టెక్నీషియన్