ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టాను

మామయ్యగారూ,

బస్సు డిపో నుంచి డ్యూటీకి రమ్మని ఫోనొచ్చింది, మిమ్మల్ని లేపకుండా వెళ్తున్నాను. నిన్న మీ స్కానింగు రిపోర్టు చూపించి వచ్చేసరికి మీరు పడుకున్నారు. డాక్టరుగారు ఈ మూడు రోజులూ మిమ్మల్ని ఉప్పు బాగా తినమన్నారు. కంగారుపడకండి, పరీక్ష కోసమే. మూడో రోజు పొద్దున మొదటిసారి పోసిన మూత్రం వదిలేసి, అక్కణ్ణుంచి మర్నాడు అదే వేళదాకా ప్రతి చుక్కా ల్యాబువాళ్ళిచ్చిన తెల్ల క్యానులో పట్టాలి. మాత్రలు ఆయన రాసినట్టే వేసుకోండి. సాయంత్రం వచ్చి బీపీ నేను చూస్తాను.

కిడ్నీ మీదుండే చిన్న గ్రంథిలో శనగగింజంత గడ్డ ఉందట. ఇన్ని మందులకీ మీ బీపీ దిగకపోవడానికి అదే కారణం కావచ్చన్నారు. నేనేమో మీరు చాటుగా ఉప్పు తింటున్నారని డబ్బా నా చీరల బీరువాలో దాచాను. నాలుగేళ్ళు మీ చొక్కా జేబులూ, కుట్టుమిషను సొరుగూ వెతికాను. తినలేదమ్మా అని మీరు ఒక్కసారే చెప్పి ఊరుకున్నారు. ఇంకోసారి గట్టిగా చెబితే ఏం పోయేది?

కూర పొయ్యి పక్కన ఉంది. ఉప్పు ఎంత వెయ్యాలో నా చెయ్యి మర్చిపోయింది. తక్కువైతే చెప్పండి. ఈసారి నమ్ముతాను.