డెల్మర్ చూడని ఆట

సెప్టెంబర్ 17, 2017, ఆదివారం

ఫుట్‌బాల్‌లో మా క్లీవ్‌లాండ్ జట్టు మళ్లీ ఓడింది. వంటింటి రేడియోలో విన్నాను. డెల్మర్ టీవీ ముందు లేడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఇదే మొదటిసారి.

సెప్టెంబర్ 26

టీవీ రేటింగుల కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. పోయినేడు మా టీవీకి పెట్టె తగిలించింది వాళ్లే. ఎవరు ఏం చూస్తే అది వాళ్లకి తెలుస్తుంది. మా ఇంట్లో ఫుట్‌బాల్ చూడటం పడిపోయిందట. చాలా ఇళ్లలో అంతేనట. జనం ఫోన్లకి మారిపోతున్నారు, మీ ఆయన కూడా అంతేనా అని అడిగింది. అయ్యుండొచ్చు అన్నాను. నమ్మబుద్ధి కాలేదు. ఫోన్‌లో వాతావరణం చూడటానికే విసుక్కునే మనిషి.

అక్టోబర్ 1, ఆదివారం

ఆట మొదలవగానే పికప్ ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. హార్డ్‌వేర్ షాపుకట. సాయంత్రానికి వచ్చాడు. చేతిలో ఒక్క మేకు కూడా లేదు.

అక్టోబర్ 3

బెర్నడీన్ అక్కకి చెప్పకుండా ఉండాల్సింది. "ఏమే, ఓహైయోలో మగాడు ఆదివారం ఫుట్‌బాల్ మానేశాడంటే ఎవరికోసమో మానేసినట్టే" అంది. నవ్వుతూనే అంది.

అక్టోబర్ 8

అతని చొక్కా వాసన చూశాను. కాఫీ వాసన, అంతే. నా మీద నాకే రోత పుట్టింది. మళ్లీ చూశాను.

అక్టోబర్ 15, ఆదివారం

అక్క కారు అడిగి తీసుకుని వెంబడించాను. డెల్మర్ ఎంతో దూరం పోలేదు. హైస్కూల్ మైదానం పక్కన పికప్ ఆపుకుని కూర్చున్నాడు. చేతిలో ఫోన్. దాన్ని చూసి నవ్వుతున్నాడు, ఏదో అంటున్నాడు. ఆ నవ్వు ఇంట్లో చూసి ఎన్నాళ్లయిందో. ఎవరో ఆవిడ ఉంది, ఖాయం అనుకున్నాను. వెళ్లి తలుపు లాగాను.

ఫోన్‌లో ఫుట్‌బాల్.

ఇవాళ్టిది కాదు. మా పెళ్లయిన ఏడాది ఆట, మసకమసకగా. ఇంట్లో అంత పెద్ద టీవీ పెట్టుకుని ఇదేంటి అని అరిచాను. ఫోన్ ఒళ్లో బోర్లించాడు.

"కొత్త ఆటలు నాకు అందడం లేదు నోరీన్. బంతి ఎవరి చేతికెళ్లిందో అప్పుడే మరిచిపోతున్నా. ఒక్కోసారి మనవాళ్ల చొక్కాలు ఏ రంగో కూడా. నీ పక్కన కూర్చుంటే ఏమైందని అడుగుతావు. ఏం చెప్పను? ఇదైతే కంఠతా వచ్చు."

కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో నాలుగేళ్లు ఆడాడు. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి హెల్మెట్‌తో గుద్ది పడగొట్టడంలో అతన్ని మించినవాడు లేడని మా పెళ్లి విందులో స్నేహితులు గ్లాసులెత్తి మరీ చెప్పారు.

ఇంకో ఆడది ఉన్నా బాగుండేది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అక్టోబర్ 24

డాక్టరమ్మ మెదడు స్కాన్ చూపించింది. ఈ మతిమరుపు ఆ గుద్దుళ్ల వల్లే కావచ్చు, మనిషి పోయాక మెదడు పరీక్షిస్తే తప్ప గట్టిగా చెప్పలేం అంది. డెల్మర్ ఆమెతో జోకులేశాడు. కారెక్కాక నా చెయ్యి వదల్లేదు.

నవంబర్ 6

కంపెనీ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. అవును, ఫోన్‌లోనే చూస్తున్నాడు అన్నాను. "నేను అనుకున్నదే" అంది, సంబరంగా. పెట్టె తీసుకుపొమ్మన్నాను.

నవంబర్ 12, ఆదివారం

ఎవరు గెలుస్తున్నారని అడిగాడు. టీవీ ఆపేసి ఉంది.

మనవాళ్లే అన్నాను.