బకెట్టు ఎత్తిన నడుం

నాన్నా, నేను కులాసా, దిగులు పెట్టుకోకు.

నిన్న మా ల్యాబులో, ఎవరో దానమిచ్చిన దేహంలోని వెన్నుపూసల్ని మిషన్లో పెట్టి నిలువునా నొక్కాం. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు చెక్కుచెదరలేదు, ముందు ఎముకే చిట్లింది. ఇంకో జతను వంచి, మెలితిప్పి, అందులో సగం బరువే పదేపదే వేశాం. డిస్కు చీలిపోయింది.

"ముప్పై ఏళ్లు బస్తాలు మోసినోడు బకెట్టు నీళ్లకి పడిపోతాడా? అంతా నాటకం," అన్నాడు కదా మీ మేస్త్రీ. బస్తా నిటారుగా మోశావు. బకెట్టు వంగి, పక్కకు తిరిగి ఎత్తావు. ఈ పరీక్ష ఫలితాల కాగితాలు పట్టుకుని పదో తారీఖున వస్తున్నాను. నీకు కూర్చునే పని ఇచ్చేదాకా ఆయన గుమ్మం దిగను.

అమ్మ కాపడం పెడుతోందా? నీళ్లు తమ్ముణ్ణి మొయ్యమను. వాడికి ముద్దులు.

ఆ రోజు మేస్త్రీ మాటకు నేనూ నవ్వాను. అందుకే ముందు నీ దగ్గరికే వస్తాను.

నీ పెద్దది