నలభై సెకన్లు ఆలస్యమైన అలారం

వదినా,

ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మంగళవారం మీ వార్డులో నాలుగో బెడ్ పెద్దాయనకి ఊపిరి ఆగితే, డ్యూటీ నర్సువై ఉండి ఆలస్యంగా వెళ్లావని నీకు మెమో ఇచ్చారు కదా. “అలారం మోగగానే పరిగెత్తాను సార్” అని నువ్వు ఏడుస్తుంటే నేను సూపరింటెండెంటు గది గుమ్మంలోనే ఉన్నాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయాను.

నువ్వు చెప్పింది నిజం. అలారమే నలభై సెకన్లు ఆలస్యంగా మోగింది. వార్డు వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో ఏ సమాచారం ముందు వెళ్లాలో ఆ ఉదయం, మీ ఆసుపత్రి నెట్‌వర్క్ పని చూసే నేనే సెట్ చేశాను. మానిటర్ల అలారాలకి ఇవ్వాల్సిన మొదటి స్థానాన్ని పొరపాటున కెమెరాల వీడియోకి ఇచ్చాను. మధ్యాహ్నం చూసుకుని, గుట్టుచప్పుడు కాకుండా సరిచేశాను. పెద్దాయన బతికాడు కదా అని సరిపెట్టుకున్నాను.

అప్పటినుంచీ ముద్ద దిగడం లేదు. ఫోన్ మోగితే ఎత్తడం లేదు. అన్నయ్య “ఏంట్రా అలా ఉన్నావ్?” అంటే కడుపునొప్పి అన్నాను.

ఎవరు ఎప్పుడు ఏం మార్చారో స్విచ్‌లో రికార్డవుతుంది. అది ప్రింట్ తీశాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆ కాగితంతో సూపరింటెండెంటు గది బయట కూర్చుని ఉంటాను. ఉద్యోగమే పోతుందో, పోలీసులే వస్తారో తెలియదు. నువ్వు మాత్రం ఆ మెమో మీద తప్పు నీదేనని ఒప్పుకుంటూ సంతకం పెట్టకు వదినా.

నీ మరిది