పెరుగు తిన్న ఎలుకల సాక్ష్యం

కార్మిక ఆరోగ్య తనిఖీ శాఖ జిల్లా అధికారి గారి సముఖమునకు, చెరెషోవో పట్టణ చెప్పుల కర్మాగారములో తోలు కత్తిరించు మనోల్ కుత్సారోవ్ వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: పరీక్షాశాల ఎలుకలు నిక్షేపముగా ఉన్నవను కారణముతో మా జిగురు హాలును ప్రమాదకర స్థలముల జాబితా నుండి తొలగించుట, సదరు ఎలుకలు పెరుగు తిన్నట్లు ఇప్పుడు తెలియవచ్చినందున ఆ ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

1. నేను పనిచేయు విభాగమునకు కిటికీలు కలవు. నా భార్య జ్లాత్కా జిగురు హాలులో చెప్పుల అడుగున సోళ్ళు అంటించును. ఆ హాలుకూ కిటికీలు కలవు గాని, దుమ్ము పడితే జిగురు చెడునని వాటికి మేకులు కొట్టినారు. అటువంటి చోట పనిచేయువారికి రోజుకొక పెరుగు డబ్బా ఉచితముగా ఇచ్చుట మా తాతల నాటి ఆనవాయితీ. ఒంట్లో చేరిన విషాన్ని పెరుగు కడిగేస్తుందని మావాళ్ళ నమ్మకం. కడుగుతుందో లేదో నాకు తెలియదు. ఆ డబ్బా చేతికిచ్చారంటే మాత్రం ఇక్కడి గాలి మంచిది కాదని యాజమాన్యం ఒప్పుకున్నట్టే.

2. ఇటీవల కొత్త జిగురు వచ్చినది. దాని ఆవిరిని ఊరవతలి పరీక్షాశాలలో ఎలుకలచేత నెలల తరబడి పీల్పించి, ఏ హానియు లేదని తేల్చినారు. ఆ నివేదికను ఆధారము చేసుకొని తమరు పెరుగు ఆపించి, హాలులో పనివేళలు పెంచుటకు అనుమతి దయచేసితిరి. పెంచిన వేళలు వచ్చే సోమవారం నుండి మొదలు. మా మేనేజరు దోబ్రేవ్ గారు ఆ నివేదికను అందరి ముందూ చదివి వినిపించినారు.

"ఆవిరి పీల్చిన ఎలుకలు పీల్చని వాటికన్నా బరువు పెరిగాయట! ఈ జిగురు ఒంటికి కూడా మంచిదేనర్రా. ఎలుకలకు లేని రోగం మీకెక్కణ్ణించి వచ్చింది?"

మేము నవ్వాము. మేనేజరు జోకు వేస్తే నవ్వడం కూడా డ్యూటీలో భాగమే.

3. సదరు ఎలుకల సౌకర్యములను విచారించగా తెలిసినది ఏమనగా: వాటికి రోజుకు ఆరు గంటలే పని. శని, ఆదివారాలు సెలవు. అవి పీల్చే గాలిలో ఆవిరి ఎంతున్నదో ఒక యంత్రం అస్తమానం కొలుస్తూ ఉండును. మా హాలులో గాలిని కొలిచేది మా ముక్కులే. అవీ మొదటి వారంలోనే రాజీనామా ఇచ్చినవి. ఎలుకల ముక్కూ కళ్ళూ చూచుటకు ప్రతి దినము ఒక డాక్టరు వచ్చును. జ్లాత్కా హాలులో కాళ్ళు తూలి గోడ పట్టుకుంటే చూడడానికి దోబ్రేవ్ గారు వచ్చినారు. "పొద్దున్నే బిగించొచ్చావేం జ్లాత్కా?" అన్నారు. మా పెళ్ళినాడు కూడా రాకియా గ్లాసును పెదవికి తాకించి కింద పెట్టేసిన మనిషి ఆమె. తాగొచ్చావా అని ఎలుకలను ఇంతవరకు ఎవరూ అడిగినట్లు లేదు.

కావున ఇకపై మమ్మల్నందరినీ ఎలుకలుగా పరిగణించి పై సౌకర్యములు కలుగజేయవలెనని కోరదామనుకున్నాను. అంతవరకే రాసి పెట్టుకున్నాను. ఆ తరువాత మా అత్తగారు నోరు విప్పింది.

4. మా అత్తగారు గీనా, ఆ పరీక్షాశాలలోనే ఎలుకల బోనులు కడుగును. చెప్పులవాళ్ళ సాధువు స్పిరిదోన్ పండుగనాడు మా ఇంట్లో బానిత్సా తింటుండగా దోబ్రేవ్ గారి జోకు చెప్పాను. ఆమె నవ్వలేదు సరికదా, గర్వంగా తల ఎగరేసింది.

"పెరగవా మరి? పెరుగు పెట్టాను కదా."

"ఎవరికి, అత్తయ్యా?"

"ఎలుకలకయ్యా. గొట్టాల్లో మూతులు పెట్టి పొద్దస్తమానం ఆ కంపు పీలుస్తుంటే చూళ్ళేకపోయాను. జిగురు హాలు వాళ్ళకి ఇచ్చేవాళ్ళు కాదూ? అలాగే తలా ఒక చెంచా."

"అన్నిటికీ పెట్టావా?"

"అన్నిటికీ ఎందుకు? పక్క గదిలోవి మంచి గాలే పీలుస్తాయి, వాటికేం రోగం? కంపు పీల్చేవాటికే పెట్టాను."

అయ్యా, ఒక గుంపు ఆవిరిని, ఇంకొక గుంపు మంచి గాలిని పీల్చాలి. తిండి మాత్రం రెండిటికీ ఒకటే ఉండాలి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడడమే కదా పరీక్ష అంటే. చిక్కిపోవలసిన ఎలుకలను మా అత్తగారి పెరుగు చిక్కనివ్వలేదు. బరువు తగ్గలేదు గనుక నరాలు కోసి చూడనవసరం లేదని పెద్దలు సంతకాలు పెట్టేశారు.

"మరి వాటికేమీ కాలేదా అమ్మా?" అని జ్లాత్కా అడిగింది.

"చివర్లో కొన్ని వెనక కాళ్ళు ఈడ్చాయే. డాక్టరుకి చూపించాను. 'బాగా తిని బద్ధకించాయి గీనమ్మా' అని నవ్వేశాడు."

"రోజూ అంత పెరుగు ఎక్కడిది నీకు?"

"నువ్వు తెచ్చిందే కదే! నాకొద్దు, నువ్వు తినమ్మా అని రోజూ డబ్బా నా చేతిలో పెట్టేదానివి..."

మాట మధ్యలో ఆమెకే అర్థమైంది. కూతురి కాళ్ళకేసి చూసి, కొంగు లేని మనిషి గనుక బల్ల మీది గుడ్డ లాక్కుని ఏడ్చింది. తనకిచ్చిన పెరుగు జ్లాత్కా తల్లికి పెట్టింది, తల్లి ఎలుకలకు పెట్టింది, అవి బలిసి జ్లాత్కాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాయి. మా ఇంట్లో జాలి గుండెలు ఎక్కువైనందుకు శిక్ష వేయదలిస్తే వేయండి. కాళ్ళీడ్చే ఎలుకను చూసి బద్ధకమని రాసినవారిది ఏ గుండెయో తమ శాఖే విచారించవలెను.

5. మొన్న మంచు కురిసిన సాయంత్రం జ్లాత్కా ఒక కాలి బూటుతో ఇంటికి వచ్చినది. రెండోదేదని అడిగితే కిందికి చూసుకుంది. అప్పటిదాకా ఆమెకు తెలియదు. మేజోడు తడిసి ముద్దయింది. బూటు వంతెన దగ్గర దొరికింది, నేనే వెళ్ళి తెచ్చాను. అక్కణ్ణించి ఇంటిదాకా మంచులో నడిచి వచ్చింది అయ్యా, పాదానికి తెలియలేదు. అర్జీలలో ఇలా రాస్తారో లేదో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది.

6. కావున సోమవారం లోపల సదరు ఉత్తర్వును నిలిపివేసి, కిటికీల మేకులు పీకించి, హాలులో గాలిని కొలిపించి, జ్లాత్కాను నరాల డాక్టరుకు చూపించవలెనని, పరీక్షను పెరుగు లేకుండా మళ్ళీ జరిపించవలెనని ప్రార్థన. పెరుగు డబ్బా తిరిగి ఇమ్మని అడుగుట లేదు. తన ఉద్యోగము ఊడునని తెలిసియు మా అత్తగారు తమ ఎదుట వాంగ్మూలమిచ్చుటకు సిద్ధముగా ఉన్నది. ఆలోచించుకోమంటే, "బోనులు కడిగే చేతులకి ఇంకో పని దొరుకుతుంది. దాని కాళ్ళు నాకు ఎక్కడ దొరుకుతాయి?" అన్నది.

పై సంగతులను, వీలైతే ఒకసారి మా జిగురు హాలులో నిలబడి, చిత్తగించవలెను.

ప్రస్తుతమునకు తమ విధేయుడు,
మనోల్ కుత్సారోవ్

తా.క.: శుక్రవారం ముగ్గురమూ తమ దర్శనమునకు వచ్చెదము. తమ కార్యాలయము మూడవ అంతస్తు, లిఫ్టు పనిచేయదు. ఎత్తుకుని తీసుకువెళ్తానంటే జ్లాత్కా ఒప్పుకోలేదు. "ఊరంతా చూస్తారు, సిగ్గు లేదూ? నేను కింద బెంచీ మీద కూర్చుంటాను. ఆయనకి కాళ్ళు బాగానే ఉన్నాయిగా, దిగి రమ్మను" అన్నది. మర్యాదగా మార్చి రాద్దామనుకున్నాను. మార్చలేదు.