కితా క్యాంపు

సైబర్‌జయ,
జులై 12, 2025

ప్రేమమయి నూకత్తకు,

నీ మేనకోడలు మోహనప్రియ నమస్కరించి రాస్తున్నది. ఇది ఫోనులో చెప్పదగిన సంగతి కాదు. పైకి పలికే ధైర్యమూ నాకు లేదు. రబ్బరు తోట బడిలో నేర్చిన తెలుగు నువ్వింకా చదవగలవు గనుక రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

నేను జపాను రైలు స్టేషన్ల పేర్ల మీద పనిచేస్తున్నానని చెప్పినప్పుడు, "పేర్లు రాసుకున్నందుకు కూడా జీతమిత్తారేటే?" అని నవ్వావు. అక్కడ ఉరావా అనే ఊరుంది. దాని చుట్టూ కితా ఉరావా, మినామి ఉరావా, హిగాషి ఉరావా, నిషి ఉరావా అని స్టేషన్లున్నాయి. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర. ప్రయాణికుడు ఎక్కడ నిలబడినా సరే, ఆ దిక్కు లెక్క అసలు ఊరి నుంచే.

మార్చిలో ఒక పాత పటం నా చేతికి వచ్చింది. యుద్ధకాలంలో మన మలయా తూర్పు మార్గపు పట్టాలు పీకించి, ఉత్తరాన సయాంలో వేసే రైలు దారికి పంపిన జపాను ఇంజనీరు ఒకరు గీసినది. పహాంగ్ అడవిలో ఒక చిన్న స్టేషను, దానికి ఉత్తరాన కూలీల శిబిరం. తమ దేశపు అలవాటు ప్రకారం దాని పేరును కితాతో మొదలుపెట్టాడు. పటం వెనక కూలీల జాబితా ఉంది. అందులో అప్పడు, తండ్రి సింహాద్రి. పేరు పక్కన మరణించిన తేదీ. మరొకరేమోనని తండ్రి పేరు, తోట పేరు, జపానువాళ్లు కూలికి తీసుకుపోయిన రోజు అన్నీ సరిచూశాను. మీ అయ్యే, మా తాత.

కితా అంటే ఉత్తరమని తెలిసి, తాతతో పోయి తిరిగొచ్చిన పకీరిసామి చెప్పిన "కితా క్యాంపు" సయాంలో ఉందని మనవాళ్లు అనుకున్నారు. తాతను తీసుకుపోయిన రోజున ఏటా ఉత్తరముఖంగా ఆకు వేసి అన్నం వడ్డిస్తున్నాం. అది పోయినవారికి వేసే ఆకు కాదు. తిరిగి వస్తాడని వేసే ఆకు. "వచ్చినాక తింటాడు" అని సాయంత్రం దాకా ఎవరినీ ముట్టనివ్వవు.

ఆయన ఉత్తరానికి పోలేదత్తా. మనకు తూర్పున ఉన్నాడు. ఆ పటం చూసినప్పటి నుంచి ఏ స్టేషను పేరు చదువుతున్నా కితా దగ్గర ఆగిపోతున్నాను. అక్కడెవరో రైలు కోసం నిలుచున్నట్టే ఉంటోంది. ఈ వయసులో నీ ఆశ తీసివేయడమెందుకని నాలుగు నెలలు దాచాను. కానీ ఇరవయ్యో తేదీ ఆదివారం నువ్వు మళ్లీ ఆకు వేస్తావు. తెలిసి తెలిసి నీ పక్కన కూర్చోలేను. క్షమించు.

నీ ప్రియ

* * *

బంటింగ్,
జులై 16

పిరియమ్మకి నూకత్త దీవెనలు.

నీ కాయితం రొండుసార్లు సదివినాను. "ఏటి అమ్మమ్మా, ఏడుత్తున్నావా?" అని మనవరాలు షామిని అడిగింది. ఏడవనేదు. నాకు తెలుసు పాపా.

పకీరిసామి వచ్చిన నాడు నాకు ఎనిమిదేళ్లు. తలుపెనక నిలబడి ఇన్నాను. "పహాంగ్‌లోనే అక్కా, నా సేత్తోనే మట్టేసినాను" అన్నాడు. మాయమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. కొంగు తీసి, "మా అత్తకి సెప్పకు తమ్ముడా. కితా అన్నావు కదా, సయాం అని సెప్పు. దూరం పోయినోడైతే వత్తాడని ముసల్ది కూడు తింటాది" అంది. ముసల్ది, మా అయ్య తల్లి, ఇంకో పన్నెండేళ్లు తింది. ఆ పైన మీ నాన్న, "అయ్య ఎప్పుడొత్తాడు?" అని అడిగేవోడు. ఆకు ఎలా ఆపేది? మీ నాన్న పోయినాక నువ్వున్నావు. ఇన్నాళ్లూ నీ కోసమే ఏసినానే!

ఇంకోటి సెప్తాను, నవ్వకు. ఉత్తరం వేపు కూకుంటే తూరుపు మన కుడిపక్క. ఆకు కాడ కూకున్నప్పుడల్లా నా కుడిపక్కన ఎవులో నిలబడినట్టుంటాది. తడి మట్టి వోసన వత్తాది. ఇన్నేళ్లలో ఒక్కసారీ అటు తిరగనేదు. తిరిగితే నిజమైపోతాదని బయం.

ఆదివారం కారు తీసుకురా. కూడొండి కట్టుకుంటాను. పహాంగ్ ఎంత దూరమని అడిగితే షామిని ఫోనులో సూసి, "మూడు గంటలు" అంది.

మూడు గంటలే పాపా. అంత దగ్గిరుండిపోయినాడు మా అయ్య.

నీ నూకత్త