గదికో గోడ

మినికోయ్ దీవి

నా హుసేన్‌కి,

సలాం. నీ ఓడ ఏ రేవులో ఉందో తెలియదు. చెప్పుకోవడానికి మాత్రం నువ్వు తప్ప ఎవరూ లేరు.

కొత్త పడవదారి తవ్వడానికి గీసిన గీత మీద మంచమంత పగడపు దిబ్బ ఒకటి ఉంది. పగడాల సంగతి తెలిసినదాన్నని, దాని జాతి తేల్చే పని సర్వేవాళ్ళు నా నెత్తిన పెట్టారు. దాని ఒంటినిండా చిట్టి గదులు. పక్కపక్క గదులకు ఒకటే గోడ ఉంటే ఫేవైటిస్ అనే జాతి. అది మన దగ్గర ఎక్కడ చూసినా ఉంది, తవ్వేస్తారు. గదికో గోడ ఉంటే ఫేవియా. ఈ సర్వేలో అది ఇంకెక్కడా కనబడలేదు కాబట్టి దారిని తూర్పుకు జరుపుతారు. పని ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

ఆ ఏడాది ఇద్రీస్ అన్నకు ఎంత బరువో నీకు తెలుసు. పోయిన వానల్లో పాత దారిలోనే పడవ తిరగబడి మా తమ్ముడు యూనుస్ పోయాడు. అన్న ఇంకా రోజూ ఆ దారినే వేటకు పోతున్నాడు. "నీకు తోడబుట్టినవాణ్ణి నేనా, ఆ రాయా?" అన్నాడు నిన్న, అన్నం ముందు కూర్చుని. అమ్మ చేపముక్కలు వడ్డిస్తూ నా వైపు చూడలేదు.

బతికున్న పగడాన్ని విరవకూడదు. అందుకని సర్వేలో అందరూ చేసేదే నేనూ చేశాను, చచ్చిన పగడంతో పోల్చి చూడడం. తాత ఆ దిబ్బ పక్కనుంచే తెచ్చి వంటింటి గోడలో పెట్టిన పగడపు రాయితో పోల్చాను. ఒకటే గోడ. ఫేవైటిస్ అని రాసిచ్చాను. ప్రాణం లేచొచ్చింది హుసేన్, నాకు భయం వేసేది అక్కడే. కళ్ళతో చూశానా, అన్న కోసం చూశానా?

నీ హవ్వా

*

నా హుసేన్‌కి,

మొన్నటి వానకు వంటింటి గోడ ఒక పక్క కూలింది. ఆ రాయిని తిప్పి చూశాను. ఇన్నేళ్ళూ సున్నం కొట్టి, గీకి, చేతులు రాసుకుని అరిగిన వైపు సందులు పూడిపోయి ఒకటే గోడలా ఉంది. అరగని లోపలి వైపు గది గదికీ సొంత గోడ, మధ్యలో గోరు పట్టేంత సందు. వెంటనే నీళ్ళలోకి దిగాను. దిబ్బ మీద మెత్తటి కండ కింద అదే సందు సన్నటి గీతలా కనిపించింది. మొదటిసారి దాన్ని వెతకనే లేదు నేను.

ఊరి ఆడవాళ్ళ పెద్ద బొడుదాత దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"నీ అన్నకు చెప్పావా?" అంది.

"లేదు."

"ముందు వాడికి చెప్పు. ఆ దారిన పోయేది వాడు."

చెప్పాను, సర్వేవాళ్ళకు ఫేవియా అని మార్చి రాసిస్తానని కూడా. అన్న గాలాలు సర్దుకుంటూ విన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అలలు ఎగసిపడుతున్న సముద్రంలోకి పాత దారినే పోయాడు. అమ్మా నేనూ ఒడ్డున నిలబడ్డాం. రాళ్ళ దగ్గర పడవ అలల చాటుకు పోయి ఎంతకీ పైకి రాలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో కోపమే ఎక్కువ.

చివరికి పడవ వచ్చింది. అన్న తడిసి ముద్దయి మా ముందు నిలబడ్డాడు.

"తూర్పు గీత ఎక్కణ్ణుంచి మొదలవుతుందో చూపించు. గుర్తు గుంజలు నేనే పాతుతాను."

"కోపం పోయిందా అన్నా?"

"పోలేదు. యూనుస్ పేరు మీద అబద్ధం రాశారని రేపు ఎవడూ అనకూడదు."

గీత కొలిచే తాడుకు రెండో కొస నేను పట్టుకున్నాను. దారి తయారయ్యేదాకా అన్న పడవ వెళ్ళిన ప్రతి రోజూ, అమ్మా నేనూ ఒడ్డున ఉంటాం.

నీ హవ్వా